గడ్డల రిపోర్టు

మా అమ్మకు ఫోన్ సిగ్నల్ సరిగ్గా దొరికేది ఊళ్ళో ఒక్కచోటే. నీళ్ళ ట్యాంకు పక్కనున్న పశువుల తొట్టి గట్టెక్కి నిలబడాలి. ఇంట్లోంచి మాట్లాడితే సగం మాటలు ఇటు రావు, సగం అటు పోవు. అందుకే నేను ఫోన్ చేయగానే ఆమె "ఆగు, తొట్టి కాడికి పోతా" అని పెట్టేస్తుంది. తరవాత ఆమే చేస్తుంది. మా ఊరు కారేపల్లి దాటి అడవి వైపు పోయే దారిలో ఉంటుంది. అక్కడ అందరూ ఏదో ఒక గట్టెక్కి అరిచి మాట్లాడేవాళ్ళే కాబట్టి ఎవరింటి సంగతైనా పొద్దుగూకేలోపు ఊరందరికీ తెలిసిపోతుంది.

ఆ రోజు నాకు ఆగే ఓపిక లేకపోయింది. ఆమె "ఆగు" అనకముందే చెప్పేశాను.

"అమ్మా, గడ్డల రిపోర్టు వచ్చింది!"

అటు నుంచి చప్పుడు లేదు. లైను సరిగా లేదనుకొని గొంతు పెంచాను. "గడ్డలు! రిపోర్టు వచ్చింది! పురుగులు శానా ఉన్నయంట. ఇప్పటిదాంక ఎవ్వరూ చూడని రకాలంట!"

"శానా ఉన్నయా?" అమ్మ గొంతు సన్నగా వచ్చింది.

"అవ్ అమ్మా! ఒక్కొక్క గడ్డల ఒక్కో రకం!"

ఆమె ఫోన్ పట్టుకొనే తొట్టి కాడికి నడిచినట్టుంది, లైను బాగుపడింది. తరవాత మెల్లగా అడిగింది. "నీకెవరు చెప్పిండ్రే? మీ పెద్దమ్మనేనా?"

ఇక్కడ నా పని గురించి చెప్పకపోతే ఈ మాటకు అర్థం ఉండదు. సముద్రం ఒడ్డున ఉన్న ఒక పరిశోధనశాలలో, సముద్రపు అడుగు బురదలో బతికే ప్రాణులను ఏరి రకాలుగా విడదీయడం నా ఉద్యోగం. హిందూ మహాసముద్రం నడుమ, ఎండ ఎన్నడూ చేరని లోతులో, మెత్తటి బురద నేల మీద నల్లటి ఖనిజపు ముద్దలు పరుచుకొని ఉంటాయి. చిన్నవి రేగుకాయంత, పెద్దవి ఆలుగడ్డంత. వాటిలో నికెలు, రాగి, కోబాల్టు, మాంగనీసు ఉంటాయి. అందుకే వాటి మీద లోకమంతటి కన్నూ పడింది. ఇంగ్లీషులో వాటిని నాడ్యూల్స్ అంటారు. ఇంట్లో "ఏం పనే నీది?" అని అడిగినప్పుడు నేను వెతుక్కోకుండా "గడ్డల మీద పనమ్మా" అన్నాను. ఆ మాటే కొంప ముంచింది. ముంచిందో ఒడ్డున పడేసిందో మీరే చెప్పండి.

తెలుగులో గడ్డది పెద్ద సంసారం. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, అడవిలో తవ్వుకొచ్చే గడ్డ. ఏటి ఒడ్డూ గడ్డే. పెరుగు గడ్డ కడుతుంది. ఒంట్లో లేచేదీ గడ్డే.

"ఏం చెప్పడం?" అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. మా అమ్మ సంగతి నాకు తెలుసు. తెలియనట్టు అడిగితే ఆమె నోట్లోంచి ముక్క ఊడిపడదు. అంతా తెలిసినట్టు ఊరుకుంటే తనే మొత్తం చెబుతుంది. ఈ తెలివి నాకు ఆమె దగ్గరే వచ్చింది. నా స్కూలు సంగతులన్నీ ఆమె నా నుంచి ఇట్లాగే లాగేది.

"ఎవరు చెప్తే ఏంది? చెప్పాల్సింది నువ్వు కదా" అన్నాను.

"దాని నోట్ల నువ్వుగింజ నానదు! ఒట్టేపించుకున్న దానితోటి. మిరపకాయ ఏరుడు అయినంక నేనే చెప్పుకుంట అన్న. చంక కింద, రొమ్ము పక్కన లేసిందే. నొస్తలేదు. రేగ్గాయంత ఉండె, ఇప్పుడు ఇంకింత పెరిగినట్టే ఉన్నది. స్కానింగ్ తీసినామె ఖమ్మం పోయి సూది పరీక్ష చేపిచ్చుకొమ్మన్నది. పురుగుల మాట ఆమె అనలే మరి. నీకు గంత దూరం అది ఆ స్కానింగ్ ఫోటో ఫోన్ల పంపితే కనబడ్డయా?"

నేను నిలబడినదాన్ని నిలబడినట్టే కింద కూర్చున్నాను. చుట్టూ బల్లల మీద స్పిరిటు సీసాలు, వాటిల్లో నేను ఇంతసేపూ సంబరపడిన పురుగులు.

"అమ్మా, నీ దాంట్ల పురుగులు లేవు. నేను చెప్పింది వేరే గడ్డల గురించి. సముద్రంల గడ్డలు."

"సముద్రంల గడ్డలేందే? నేను భయపడతనని మాట మారుస్తున్నవ్. ఇప్పుడే కదా శానా ఉన్నయంటివి, ఎవ్వరూ చూడనియంటివి."

ఎంత చెప్పినా వినలేదు. నేను నిజం చెప్పినకొద్దీ అది ఆమెకు ఓదార్పు లాగా వినిపించింది. చివరికి "వస్తున్నా" అని ఫోన్ పెట్టి, సెలవు అడగడానికి వెళ్ళాను.

రైల్లో నా ఎదురుగా ఒక ముసలి జంట కూర్చున్నారు. టికెట్టు మీద భద్రాచలం రోడ్ అని ఉంది. దిగి గుడికి నడిచిపోవచ్చా అని నన్ను అడిగారు. ఆ పేరుతో ఉన్న స్టేషను కొత్తగూడెంలో ఉందనీ, రాములవారు కావాలంటే అక్కణ్ణుంచి బస్సెక్కాలనీ నేను విసుగ్గా చెప్పాను. "మరి ఆ పేరెందుకు పెట్టిండ్రమ్మా?" అన్నాడాయన. నేనేమైనా పెట్టానా ఆ పేరు! మామూలు రోజయితే నవ్వేదాన్ని. ఆ రోజు ఒక మాటను నమ్మి ఇంకో చోట దిగిపోయే మనుషులందరి మీదా నాకు కోపంగా ఉంది. మొదటి కోపం నా మీదే.

కారేపల్లిలో మా నాయిన మోపెడ్ తెచ్చుకొని నిలబడ్డాడు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయిన మనిషి, మాటలు తక్కువ. "మోకాళ్ళ నొప్పులకు ఖమ్మం పోతదంట మీ అమ్మ, నువ్వు తోలుకపోతవంట" అన్నాడు. అవ్ అన్నాను. దారి పొడుగునా ఇంకేమీ అడగలేదు. అడగకపోయేసరికి ఈయనకు తెలుసేమోనన్న అనుమానం నాకు అప్పుడే వచ్చింది.

మర్నాడే ఖమ్మం వెళ్ళాం. సూది పరీక్ష నిమిషాల పని. రిపోర్టు మాత్రం నాలుగైదు రోజులు పడుతుందన్నారు. అమ్మ సూదికి భయపడలేదు. బయటికొచ్చాక "తీసిన నీళ్ళల్ల ఏమన్న కదిలినయా? నువ్వు చూసినవా?" అని నా చెవిలో అడిగింది.

రిపోర్టు వచ్చేదాకా ఆమె మనసులోంచి ఆ పురుగులను తీసేయాలి. ఇక అదే నా పని అయింది. మా వైపు పాతవాళ్ళు క్యాన్సర్‌ను రాచపుండు అనేవాళ్ళు, పేరు నోటితో అనడం ఇష్టం లేనివాళ్ళు పురుగు పట్టింది అనేవాళ్ళు. అమ్మ ఆ రెండో రకం. కూతురే ఫోన్‌లో అరిచి మరీ పురుగులన్నది కాబట్టి ఆమెకు అది రూఢి అయిపోయింది. పెద్దమ్మ మీద కోపం ఇంకొకటి. తిరుమలాయపాలెంలో ఉండే పెద్దమ్మ, అంటే అమ్మ సొంత అక్క, రోజూ ఫోన్ చేస్తోంది. అమ్మ తీయడం లేదు.

నా సంచిలో ఒక గడ్డ ముక్క ఉంది. ఓడ మీద పైకి తెచ్చేటప్పుడు పగిలిపోయిన దాంట్లోది, మా సారు ఉంచుకొమ్మని ఇచ్చాడు. దాన్ని తీసి అమ్మ చేతిలో పెట్టాను. కల్లంలో మిరపకాయలు ఎండబోసుకొని, ముక్కుకు కొంగు కట్టుకొని తిరగేస్తోందామె. కొంగు కిందికి లాగి ముక్కను అటూ ఇటూ తిప్పింది. గోటితో గీకింది. గోరు నల్లబడింది. నేను వద్దనేలోపు నాలుకకు తగిలించి చూసింది.

"ఉప్పగ లేదు" అంది.

"కడిగి ఆరబెట్టినం అమ్మా."

"సముద్రంలది అంటివి. ఉప్పే లేకపాయె. ఇది ఆలుగడ్డ బొగ్గుల పడి కాలినట్టున్నది. గిట్లాంటిది నాకు మన చేను చెల్కలనే దొరుకుతది."

ఆ సాక్ష్యం కొట్టుడుపోయింది. సంచిలోంచి లాప్‌టాప్ తీశాను. కల్లం పక్కన వేపచెట్టు నీడలో మంచం వేసి, తెర మీద ఎండ పడకుండా దుప్పటి కప్పి, తల్లీకూతుళ్ళం ఇద్దరం దుప్పటి కింద దూరాం. మిరప ఘాటుకు ఇద్దరికీ తుమ్ములు. నాయిన చూసి, "ఏం సినిమా అది?" అనుకుంటూ పోయాడు.

మొదట ఓడ మీద తీసిన వీడియో పెట్టాను. ఇనుప పెట్టెను తీగకు కట్టి దింపుతారు. కిందికి చేరడానికే గంటలు పడుతుంది. అది నేలను కొరికి, చదరపు ముక్క లాగా బురదను ఎత్తుకొస్తుంది. పైన గోధుమరంగు బురద, అందులో సగం మునిగి ఈ గడ్డలు.

"ఎంత లోతు?" అంది అమ్మ.

ఆమె సముద్రం చూడలేదు. లోతుకు ఆమె కొలత గోదారి. భద్రాచలం దగ్గర గోదారి పెరిగితే ఒకటో ప్రమాద హెచ్చరిక, రెండోది, మూడోది అని టీవీలో చెబుతారు. మూడోది అంటే ఊళ్ళు ఖాళీ.

"మూడో హెచ్చరిక కంటే ఎక్కువనా?"

"దాని మీద దాన్ని పెట్టుకుంట పో. నీకు అలుపొస్తది గానీ అడుగు రాదు."

"అంత చీకట్ల ఏం బతుకుతయే?"

ఇక నన్నాపడం ఎవరి వల్లా కాదు. ఈ ఒక్క ప్రశ్న కోసం నేను ఎక్కడికైనా పోతాను. చూపించడం మొదలుపెట్టాను. గడ్డ మీద సన్నటి కాడతో నిలబడి, కొసన గిన్నె లాగా విచ్చుకున్న స్పంజి. ఆ కాడను పట్టుకొని వేలాడే, పాముల్లాంటి చేతులున్న సముద్ర నక్షత్రం. బురద మీద మెల్లగా నడిచే, లోపలి పేగు కూడా కనిపించేంత పారదర్శకమైన, సముద్ర దోసకాయ అనే జీవి. తరవాత నా వాళ్ళు, బురదలో ఉండే చిన్నవాళ్ళు: ఒంటినిండా వెంట్రుకల కాళ్ళున్న పురుగులు, ఇసుక రేణువంత రొయ్యల బంధువులు, దారప్పోగు కన్నా సన్నటి నులిపురుగులు.

అమ్మ మొదట ముక్కు చిట్లించింది. తరవాత దుప్పటి ఇంకా దగ్గరికి లాక్కుంది. అక్కణ్ణుంచి పేర్లు పెట్టడం మొదలెట్టింది. వెంట్రుకల పురుగు జెర్రి. చుట్ట చుట్టుకొన్నది రోకలిబండ పురుగు. కాడ మీది స్పంజి కల్లుముంత. పారదర్శకమైన దోసకాయకు మా మేనత్త పేరు పెట్టింది, "దాని కడుపుల మాట గూడ గిట్లనే బయటికి కనబడుతది" అని. తను అన్నదానికి తనే నవ్వింది. ఫోన్‌లో ఆ సన్నటి గొంతు విన్న తరవాత ఆమె నవ్వడం నేను వినడం అదే మొదలు.

"వీటికి పేర్లు లేవా?" అంది.

"శానా వాటికి లేవు. మొదటిసారి కనబడ్డయి. ఒకసారి కనబడ్డది మళ్ళ కనబడదు. పెట్టె ఇక్కడ దింపితే కొన్ని రకాలు, ఇంకింత దూరంల దింపితే వేరే రకాలు. ఒక్కో రకంల ఒక్కటంటే ఒక్కటే దొరికినయి, అట్లాంటియే సీసాల నిండా ఉన్నయి."

ఓడ మీద ఆ బురదను మేము చల్లటి సముద్రపు నీళ్ళతో జల్లెడల్లో గాలిస్తాం. అమ్మ బియ్యం గాలించినట్టే. రాళ్ళు మిగిలితే ఆమెకు విసుగు, ఏదైనా మిగిలితే నాకు పండగ. రిపోర్టు వచ్చిందని ఆ రోజు నేను గంతులేసింది అందుకే. కొన్ని నెలలుగా మేము ఏరిన ప్రాణుల్లో ఎన్ని నిజంగా వేరు వేరు రకాలో చెప్పే ఫలితం అది. మేము అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చాయి. ఇదంతా చెప్పి, "ఇప్పుడు నమ్ముతవా? పురుగులు ఈ గడ్డలల్ల. నీ దాంట్ల కాదు" అన్నాను.

ఆమె గడ్డ ముక్కను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "మరి ఇవి పెరుగుతయా?"

"పెరుగుతయి. ఒక గోరంత మందం పెరగాలంటే లక్షల ఏండ్లు పడతది."

"నాది గట్ల పెరిగితే బాగుండు" అంది. దుప్పటి తీసి, కొంగు మళ్ళీ ముక్కుకు కట్టుకొని మిరపకాయల్లోకి వెళ్ళిపోయింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం చేను గట్టున నడుస్తుంటే ఇంకో సంగతి అడిగింది. మా దగ్గర అడవిలోకి పోయి గడ్డలు తవ్వుకొచ్చేవాళ్ళు తీగ తలను కొంచెం గడ్డతో సహా మళ్ళీ గుంతలోనే పెట్టి మన్ను కప్పుతారు. వచ్చే ఏడాదికి మళ్ళీ ఊరుతుంది. అమ్మ కూడా చిన్నప్పుడు వాళ్ళ వెంట పోయి అట్లాగే చేసేది. "మీరు గూడ తల పెట్టి మన్ను కప్పొచ్చు కదా" అంది.

"వాటికి తల లేదమ్మా. తీగ లేదు. తీస్తే పోయినట్టే. దాని మీద నిలబడ్డ కల్లుముంతకు మళ్ళ నిలబడే జాగ ఉండదు. చుట్టూ అంతా మెత్తటి బురద."

"మరెందుకు తీస్తరు?"

"నువ్వు చేతుల పట్టుకున్న ఫోన్‌కు, రేపు నాయిన కొనాల్నని చూస్తున్న బ్యాటరీ బండికి. తీయాల్నా వద్దా అని ఇంకా కొట్లాడుకుంటున్నరు."

"తీసి చూసిండ్రా ఎవరన్న?"

"కొన్నిచోట్ల యంత్రాలను ఈడ్చి చూసిండ్రు. దశాబ్దాల కింద. ఆ చాళ్ళు నిన్న దున్నినట్టే ఉన్నయంట ఇప్పటికీ."

ఆమె తన చంక కింద చేత్తో తడుముకుంది. ఆ మధ్య ఆమెకు అది అలవాటైంది. మాటల మధ్యలో, అన్నం పెడుతూ, చేయి అక్కడికి పోయేది. నాకు భయమైంది, చాలా భయమైంది. ఆమె లేని ఇల్లు ఎట్లా ఉంటుందో అనుకోకుండా ఉండడానికి నేను ఆ నాలుగు రోజులూ సముద్రం గురించి వాగుతూ ఉన్నానని ఇప్పుడు తెలుస్తోంది. ఆమెకు ధైర్యం చెప్పడం ఒక వంక.

రిపోర్టు ఇస్తామన్న రోజు ముందే వెళ్ళి కూర్చున్నాం. మా బెంచీ ఎదురుగా ఒక గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఒకామె మైక్రోస్కోపు మీద వంగి ఉంది. మొహం కనబడలేదు, వీపు మాత్రమే. ఆ వీపు నాకు బాగా తెలుసు. రోజూ నేను కూర్చునేది అట్లాగే. మెడ పట్టేస్తుంది, కళ్ళు మండుతాయి, చేయి మాత్రం మెల్లగా ఆ చిన్న చక్రాన్ని తిప్పుతూనే ఉంటుంది. ఇంకొకటి కనిపిస్తుందేమో, ఇప్పటిదాకా చూడనిది, ఇంకొక్కటి. అది కనబడిన రోజు నేను లేచి గది అంతా తిరుగుతాను. పక్కవాళ్ళను పిలిచి చూపిస్తాను.

ఆమె అట్లా లేవకూడదని మొక్కుకున్నాను. ఎవరినీ పిలవకూడదని. నా జన్మలో మొదటిసారి, ఆ అద్దం కింద కొత్తదేదీ కనబడొద్దని, అన్నీ ఒకే రకం, అందరికీ ఉండే రకం, విసుగుపుట్టేంత మామూలు రకం ఉండాలని కోరుకున్నాను. ఆమె లేవలేదు. ఆవలించింది. పక్కనున్న గ్లాసు తీసుకొని చాయ్ తాగింది. ఆ ఆవలింత చూసి నాకు ఎంత ప్రాణం లేచి వచ్చిందో చెప్పలేను. అది మా అమ్మ పరీక్షో కాదో కూడా నాకు తెలియదు.

డాక్టరమ్మ లోపలికి పిలిచింది. కాగితం చూసి, అమ్మను పడుకోబెట్టి మళ్ళీ ఒకసారి చేత్తో చూసింది.

"ఇది కొవ్వు గడ్డమ్మా. అంతే. క్యాన్సర్ కాదు. భయపడాల్సిందేం లేదు."

అమ్మ లేచి కూర్చొని రవిక సర్దుకుంది. నా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "పురుగులు లేవా మేడమ్?"

"పురుగులా?"

"మా బిడ్డ శానా ఉన్నయన్నది. ఒక్కొక్కటి ఒక్కో రకమన్నది."

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఆ చూపుకు నేను భూమిలోకి కూరుకుపోయాను. సముద్రం, ఓడ, బురద అని ఏదో చెప్పబోయాను. పరిస్థితి ఇంకా పాడైంది. చివరికి ఆమె అమ్మ చేయి పట్టుకొని, "ఏ పురుగూ లేదమ్మా. నేను చెప్తున్నా కదా" అంది.

"మరి తీసెయ్యరా?"

"ఎందుకు తీయడం? దాని మానాన అది ఉంటుంది. తీస్తే కోత, కుట్లు, మచ్చ. పెద్దదైతేనో, నొప్పి వస్తేనో అప్పుడు చూద్దాం. ఆరు నెలలకొకసారి వచ్చి చూపించుకోండి. అప్పటిదాకా దాన్ని తడమకండి, ఉండనివ్వండి."

బయటికొచ్చి వరండాలో నిలబడగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు.

"మంచిదన్నంక ఏడుస్తవేందే? పిచ్చిదానా!" అంది అమ్మ. అంటూనే కొంగుతో నా ముక్కు తుడిచింది. అయిదు రోజులుగా మిరపకాయల్లో తిరిగిన కొంగు. నా కళ్ళు భగ్గుమన్నాయి. ఆ మంటలో ఏది ఏడుపో ఏది మిరపో తెలియక ఇద్దరం పడీ పడీ నవ్వాం. పోయే వచ్చే వాళ్ళు మమ్మల్ని తప్పుకొని పోయారు.

బస్టాండు దగ్గర బజ్జీలు తింటూ అమ్మ పెద్దమ్మకు ఫోన్ చేసింది. సంగతి చెప్పి, ఆ వెంటనే దులపడం మొదలుపెట్టింది. "అయినా గానీ అక్కా, ఒట్టు పెట్టినంక గూడ పిల్లకు చెప్తవా?" అటునుంచి పెద్దమ్మ గొంతు ఎంత లేచిందంటే బజ్జీలవాడు కూడా తిరిగి చూశాడు. తను చెప్పలేదని దేవుళ్ళందరి మీదా ప్రమాణం చేస్తోంది. అమ్మ ఫోన్ చెవి నుంచి దూరం పట్టుకొని నా వైపు చూసింది.

"పెద్దమ్మ చెప్పలేదు" అన్నాను.

"మరెవరు?"

"నువ్వే. నేను సముద్రం గడ్డలంటే నువ్వు నీ గడ్డ సంగతి మొత్తం చెప్పినవ్."

ఆమె నోట్లో బజ్జీ ముక్క అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి మింగి, నా వీపు మీద ఒక్కటి ఇచ్చింది. తరవాత ఫోన్‌లోకి, "అక్కా, నా నోట్లనే నువ్వుగింజ నానలేదే" అంది. పెద్దమ్మ అంత తేలిగ్గా వదలలేదు. కారేపల్లి చేరేదాకా ఆ పంచాయితీ నడిచింది. సిగ్నల్ పోయినప్పుడల్లా కాసేపు శాంతి.

నాయిన బస్సు ఆగేచోట నిలబడి ఉన్నాడు. మేము దిగగానే మా మొహాలు చూశాడు. చూసి, ఊపిరి గట్టిగా వదిలాడు. అమ్మ మోకాళ్ళ కథ మొదలుపెట్టబోతే, "మోకాళ్ళ సంగతి తరవాత. గడ్డ సంగతేంది?" అన్నాడు. ఆయనకు మొదటినుంచీ తెలుసు. గట్టెక్కి మాట్లాడే ఊరది.

"కొవ్వు గడ్డంట నాయినా. ఏం కాదంట" అన్నాను.

"కొవ్వేనా?" అన్నాడు ఆయన మోపెడ్ స్టాండ్ తీస్తూ. "అది నాకు పెండ్లైన కాడ్నుంచి తెలుసు."

అమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నాయిన మొహం అటు తిప్పుకొని కండువాతో కళ్ళు తుడుచుకోవడం మాత్రం నేను చూశాను.

తిరిగి నా సీసాల దగ్గరికి వచ్చాను. మైక్రోస్కోపు మీద మళ్ళీ వంగి, మళ్ళీ కొత్తవాటి కోసం ఆశపడడం మొదలుపెట్టాను. మొదటి రోజు మాత్రం ఆ ఆశ కొంచెం సిగ్గుగా అనిపించింది. రెండో రోజుకు పోయింది. బురదలో ఎన్ని రకాలుంటే అంత ఆరోగ్యం, మా అమ్మ చంక కింద ఒక్కటే రకం ఉంటే ఆరోగ్యం. రెండూ నిజమే, నాకు రెండూ కావాలి.

ఆరు నెలల తరవాత అమ్మ మళ్ళీ చూపించుకుంది. గడ్డ పెరగలేదు. ఇప్పుడు తొట్టి గట్టెక్కి ఫోన్ చేస్తే ఆమె మొదటి మాట "నీ గడ్డలు బాగున్నయా?" నా మొదటి మాట "నీది?" గట్టు మీద నిలబడి ఊరంతా వినేటట్టు "ఉన్నది, దాని మానాన అది ఉన్నది" అంటుంది. దాచుకోవడం పూర్తిగా మానేసింది.

పోయిన వారం నేను చిరాగ్గా ఉన్నాను. గడ్డల తవ్వకం గురించి పెట్టిన ఒక సమావేశంలో నన్ను కూర్చోబెట్టి, ఆ సముద్రపు నేల మీద మొత్తం ఎన్ని రకాల ప్రాణులున్నాయో ఒక్క మాటలో చెప్పమన్నారు. ఇంకా తెలియదన్నాను. పెట్టె దింపిన ప్రతిసారీ కొత్తవి వస్తూనే ఉన్నాయి కాబట్టి లెక్క ఎక్కడ ఆగుతుందో చెప్పలేమన్నాను. అయితే మీరు లెక్కపెడుతూ ఉండండి, ఈలోపు తవ్వకం పని మొదలుపెట్టుకోవచ్చు కదా అన్నాడు ఒకాయన, చాలా మర్యాదగా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏదో అన్నాను. నేనన్నది నాకే సరిగ్గా అనిపించలేదు.

ఆ సాయంత్రం అమ్మకు ఇదంతా చెప్పుకొని తిట్టుకున్నాను. ఆమె ఓపిగ్గా విన్నది. వెనకాల ట్యాంకులోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు, ఎవరిదో గేదె అరుపు.

"సూది పరీక్ష చేసిండ్రా?" అంది.

"చేస్తనే ఉన్నం. మేము చేసేది అదే కదా."

"రిపోర్టు వచ్చిందా?"

"మొత్తం రాలే ఇంకా."

"రిపోర్టు రాకముందే కోస్తరా ఎవరన్న?" అంది అమ్మ. "గంత చదువుకున్నోళ్ళు, గీ మాట నువ్వు చెప్పలేదా వాళ్ళకు?"

చెప్పలేదు. వచ్చే సమావేశంలో చెబుతాను.